బానెట్ మీద చెయ్యి

ఏమయ్యా,

నీ సంవత్సరీకం అయినంక నేను డ్రైవింగ్ నేర్చుకున్న. లైసెన్స్ గూడ వచ్చింది. ఇంటికొక కారు ఉండాలెనని మన బిడ్డను తీస్కొని కొత్తకోటకు పోయిన. పాతదే, డీజిల్ బండి. అమ్మేటాయన కడిగి పెట్టిండేమో, అద్దం లెక్క మెరుస్తాంది. బిడ్డ మురిసిపోయి అప్పుడే బేరానికి దిగింది.

నేనైతే ముందుగాల బానెట్ మీద చెయ్యి పెట్టిన. వెచ్చగుంది! మేము పోకముందే స్టార్ట్ చేసి పెట్టిండు. వేడి మీద ఏ డీజిల్ బండైనా అందుకుంటది, పొద్దుగాల చల్లగున్నప్పుడే చూడాలెనని కిరాయి జీపు నడిపినన్నాళ్లు నువ్వు చెప్తుంటివి గదా.

"తమ్మీ, రేపు పొద్దుగాల వస్త. అందాక తాళం ముట్టకు" అన్న. ఆయన మొకం మాడింది. నాకేం ఫికర్?

తెల్లారి బానెట్ చల్లగుంది. ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది, నల్లపొగ గూడ రాలె. తీసుకున్నం.

బయలెల్లేటప్పుడు అలవాటు మీద ఎడమదిక్కు డోర్ తీసి కూసున్న. ఎవరో వచ్చి నడుపుతరన్నట్టు జరసేపు ఎదురుచూసిన.

"అమ్మా, నడిపేది నువ్వే గదనే" అన్నది బిడ్డ.

దిగి, ముంగట నుంచి తిరిగొచ్చి, నీ దిక్కు కూసున్న.