ఎమ్మిగనూరు దాకా పుట్టిలో

అన్నా,

నువ్వు పోయి ఏడాది. ఈ రోజు మన పుట్టిని, ఆ గుండ్రటి బుట్ట పడవను, కాలువలో దించాను. కోసిగిలో ఆగి ఉగ్గాని తినాలని, ఎమ్మిగనూరులో దిగి వదినకు చీర కొనాలని కదా మన ప్లాను!

నిరుడు నువ్వు ఈ పుట్టిని తూము దగ్గర కట్టేస్తే, కాలువకు అడ్డం పెట్టావనుకున్నారు కాపలా ఉన్న దిగువ రైతులు. "నీళ్లు మళ్లిస్తాండాడు, కొట్టండప్పా!" అని అరిచాడు బసప్ప. అతని పార దెబ్బకే నీ తల పగిలింది.

బెయిలు మీద వచ్చిన బసప్ప ఈ రోజూ గట్టు మీదే ఉన్నాడు. నన్ను చూసి మెల్లగా, "యాడికి పోతాండావప్పా?" అన్నాడు.

ఆ మాట నిరుడు నిన్ను అడిగుంటే బతికుండేవాడివి.

పుట్టిలోంచి గట్టు మీదకు దూకి, తెడ్డు ఎత్తి వాడి నోటి మీద కొట్టాను. పళ్లు రాలాయి. మళ్లీ కొట్టాను.

తిరిగి చూస్తే, పుట్టి ఖాళీగా ఎమ్మిగనూరు వైపు పోతోంది.