ఆగే బండిని మా వీధికి తిరిగి పంపించుట గురించి

రవాణా అధికారి గారి సముఖమునకు, పాత రోడ్డు మలుపులో బట్టలు ఇస్త్రీ చేసుకొని బతికే ఆడమనిషి రాసుకున్న రెండవ అర్జీ.

అయ్యా,

విషయం: బైపాస్ మీదికి మళ్ళించిన బస్సును మరల మా వీధిలోనుంచి నడిపించవలసినదిగా కోరుట.

నా చదువు తక్కువ. మొదటి అర్జీ తెలిసినాయన చేత రాయించాను. అందులో నా మాట ఒక్కటీ లేదు. జవాబు కూడా ఇంకెవరికో రాసినట్టే వచ్చింది. అందుకని ఇది నేనే రాస్తున్నాను. తప్పులుంటే మన్నించి చదవగలరు.

1. బైపాస్ వల్ల మేలు లేదని నేను అనను. లారీలు మా వీధిని వదిలాయి. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా సాయంత్రం దాకా తెల్లగానే ఉంటున్నది. కానీ లారీలతో పాటు మా బస్సునూ అటే పట్టుకుపోయారు. ఇదేమిటని తమ ఆఫీసు కిటికీ దగ్గర అడిగాను. "బైపాస్ అంటేనే పక్కనుంచి పోవడమమ్మా. లోపలికొస్తే ఇక బైపాస్ దేనికి?" అన్నారు గుమాస్తా గారు. "పోయేవాటిని పోనీ బాబూ. ఆగే బండిని ఎందుకు తీసుకెళ్ళారు?" అన్నాను. "టైము కలిసొస్తుంది" అన్నారు. ఎవరికో చెప్పలేదు.

2. బస్సెక్కాలంటే ఇప్పుడు మేము ముళ్ళకంపల్లో పడి నడిచి, బైపాస్ దాటి అవతలికి పోవలసి యున్నది. స్టాపు బోర్డు ఎక్కడో వంతెన దాటాక పెట్టారు. అక్కడ నీడ లేదు, దీపం లేదు, మనిషి దాటే దారి లేదు. ముసలివాళ్ళు ఆసుపత్రికి పోవడం మానుకున్నారు. వయసువాళ్ళు అప్పు చేసి మోటారుసైకిళ్ళు కొన్నారు. ఎక్కేవాళ్ళు తగ్గారని తమరు ఉన్న బస్సులనూ తగ్గించారు. ఆ వంతెనకు పోసిన డబ్బుతో ఎన్ని బస్సులు వచ్చేవో లెక్క కట్టడం నాకు రాదు. తమకు వస్తుంది.

3. మా అమ్మాయి చొక్కాల కంపెనీలో కాలర్లు కుట్టేది. పొద్దున్నే ఎప్పుడూ ఆలస్యమే. బస్సులో అందరూ దాన్ని లేటు రాణి అనేవారు. మలుపులో హారను వినపడగానే నేను చేతిలో ఏ బట్ట ఉంటే ఆ బట్ట పైకెత్తి ఊపేదాన్ని. బస్సు ఆగేది. "అక్కా, రాణిగారు బయల్దేరారా, నన్ను దిగొచ్చి జడ వెయ్యమంటారా?" అనేవాడు డ్రైవరు తమ్ముడు. "వస్తోంది తమ్ముడూ, ఒక్క నిమిషం" అనేదాన్ని. మా వీధి ఇరుకు. బస్సు ఆగితే వెనక లారీ ఆగాలి, స్కూటరు ఆగాలి, అందరూ ఆగాలి. మా పిల్ల వాటి ముందునుంచే నోట్లో జడపిన్నులు పెట్టుకొని, నవ్వుకుంటూ పరుగెత్తి ఎక్కేది. పుట్టినప్పటినుంచి దానికి తెలిసిన రోడ్డు అదే. బస్సు ఆగితే రోడ్డు ఆగినట్టే.

4. ఆ రోజు స్టాపు దాకా పోయే టైము లేక, మా అమ్మాయి బైపాస్ మీద మధ్యగట్టు దగ్గర నిలబడి, దూరాన బస్సును చూసి చున్నీ ఊపింది. బస్సు ఆగింది. పిల్ల పరుగెత్తింది.

పక్క వరసలో వచ్చే లారీ ఆగలేదు.

డ్రైవరు తమ్ముడు నా ఇస్త్రీబల్ల దగ్గర కూలబడి చెప్పాడు. "చున్నీ చూడగానే కాలు బ్రేకు మీదికి పోయిందక్కా. నేను ఆగితే అందరూ ఆగారనుకుంది పిచ్చిది. ఆగకుండా పోయి ఉంటే తిట్టుకుంటూ ఇంటికొచ్చేది కదక్కా" అని. బొగ్గులు ఆరిపోయేదాకా ఇద్దరం అట్లాగే కూర్చున్నాము.

5. నా మొదటి అర్జీకి తమ ఆఫీసువారు పంపిన జవాబు: "స్టాపు కాని చోట బస్సు నిలిపిన డ్రైవరును విధులనుండి తొలగించడమైనది. అర్జీ పరిష్కరించబడినది." అయ్యా, నేను అడిగింది అది కాదు. ఆ రోడ్డు మీద నా బిడ్డ కోసం ఆగినవాడు ఆయనొక్కడే. ఆయన్నే తీసేశారు.

6. దాని తోటి పిల్లలు ఇవాళ కూడా అదే చోట దాటుతున్నారు. వెళ్ళేటప్పుడు నా బల్ల ముందునుంచే పోతారు. "జాగ్రత్తమ్మా" అంటాను. "సరే పిన్నీ" అంటారు. ఇంతకు మించి నా చేతిలో ఏమీ లేదు. తమ చేతిలో ఉంది.

కావున బైపాస్‌ను లారీలకు ఉంచి, బస్సును, దానితో పాటు ఆ డ్రైవరును మా వీధికి పంపించవలెనని వేడుకుంటున్నాను. దయతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
మలుపులో ఇస్త్రీబల్ల ఆమె

మరొక మనవి: బస్సు వచ్చాక ఆ తమ్ముడికి తమరే ఒక మాట చెప్పాలి. హారను వింటే నా చెయ్యి నా మాట వినదు. ఏదో ఒక బట్ట ఎత్తి, "వస్తోంది తమ్ముడూ" అని అరుస్తానేమో. అప్పుడు నన్ను ఏమీ అనవద్దనండి. ఎక్కినవాళ్ళను ఎక్కించుకొని, మెల్లగా పొమ్మనండి.