నాలుక ఎత్తి చూపిస్తున్నాడు

కుప్పం ఆసుపత్రి నుంచి

ఫ్లారెన్స్‌కు నీ వదిన సంతోషమ్మ దీవెనలు.

ఫోన్ చేస్తే మీ అన్న పక్కనుండి వింటాడని కార్డు రాస్తున్నాను. పోస్ట్‌మన్ చదివితే చదువుకోనీ.

రక్తం క్యాన్సర్ మాత్రలు మీ అన్న మింగకుండా పారేస్తున్నాడని నువ్వూ నేనూ అనుకున్నాం కదా. తగ్గిన తెల్లకణాలు మళ్లీ పెరిగితే ఎవరైనా అదే అనుకుంటారు. నేను దిండు కింద తడిమాను, మందారం కుండీ తవ్వాను. "మింగతానే ఉండా, నమ్మనిదానివి యాల అడగతావు?" అని కసిరాడు.

నిన్న జీన్ పరీక్ష రిపోర్టు చూసి డాక్టరమ్మ చెప్పింది: "మీ ఆయన తప్పేం లేదమ్మా. క్యాన్సర్ కణంలో జీన్ మారిపోయిండాది. మాత్ర పోయి పట్టుకునే చోటే రూపు మారింది. ఇంక ఆ మాత్ర ఆడ పట్టదు." అందుకని వేరే మాత్ర రాసింది.

ఆదివారం గుడిలో ఆరాధన అయ్యాక పుంగనూరు నుంచి మదనపల్లెలో మా ఇంటికి ఒకసారి పోయి రా. పక్కింటివాళ్లు మా కోళ్లకు నూకలు వేస్తున్నారో లేదో చూడు. గుడ్లు మాత్రం తింటూనే ఉంటారు. మందారం మళ్లీ నాటు.

కొత్త మాత్ర మింగాక నాలుక ఎత్తి చూపించమంటున్నాను. మారుమాట లేకుండా చూపిస్తున్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఒక్కనాడూ నా మాట వినని మనిషి! నిన్న ఆ రిపోర్టు చెప్పాక నన్ను బయట కూర్చోబెట్టి డాక్టరమ్మ ఆయనతో ఏం మాట్లాడిందో నువ్వు అడుగు. నీకైతే చెబుతాడు.

పిల్లలకు ముద్దులు. ప్రార్థనలో మీ అన్నను మరవకు. నేను అడగమన్నానని మాత్రం అనకు.