పై వాటా ఫ్రీడా గురించి

విన్నిపెగ్, ఆదివారం

ఫైన్‌సోడ్ గారికి నమస్కారాలు.

నా తదనంతరం ఈ ఇల్లు మీ యూదు ధర్మసంస్థకు చెందాలని పోయిన వారం సంతకం చేశాను. అందులో మార్పు లేదు. కానీ ముప్పై ఏళ్లుగా పై వాటాలో అద్దెకుంటున్న ఫ్రీడా సంగతి ఆలోచించనే లేదు. మొన్న శుక్రవారం సాయంత్రం ఇద్దరం సబ్బాతు దీపాలు వెలిగించాక అడిగింది.

"నువ్వు పోయాక నన్ను సామాను సర్దుకోమంటారటే?"

"పిచ్చిదానా! నువ్వున్నన్నాళ్లూ నిన్ను కదపకూడదని కాగితాల్లో రాయించానుగా!" అన్నాను.

రాయించలేదు. ఆమె నా చేతులు పట్టుకుని ఏడ్చింది. అప్పటినుంచి మెట్ల మీద ఆమె అడుగుల చప్పుడు వింటేనే తలుపు వేసుకుంటున్నాను.

గురువారం నాకు గుండె ఆపరేషన్. బుధవారంలోగా ఆ ఒక్క వాక్యం రాయించి పంపండి, సంతకం పెడతాను. వీలుకాదంటే అదీ బుధవారంలోగానే చెప్పండి. ఆమెకు నిజం నా నోటి నుంచే తెలియాలి.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
కింది వాటా ఇంటావిడ