వేదిక మీద ప్రకటించిన తేదీ

జూన్ 3

మా ఆవిడ ఇవాళ కూడా రాజీనామా ఇవ్వలేదు. ఆసుపత్రిలో కౌన్సెలర్ ఉద్యోగం మానేసి, ఇంట్లోంచే ఆన్‌లైన్‌లో సొంత ప్రాక్టీస్ పెడతానని ఏడాదిగా అంటోంది. వెనక గది ఖాళీ చేసింది, వెబ్‌సైట్ చేయించింది. ఎప్పుడంటే మాత్రం, ఇంకా కాదంటుంది. ఆదివారాలు నేను ప్రసంగం చెప్పే గ్రంథం తెరిచి కాలం గురించిన అధ్యాయం చదివి వినిపించాను. అంతా విని, అందులో నా రిలీవింగ్ డేట్ ఉందేమో చూసి చెప్పండి అంది.

జూన్ 5, ఉదయం

అసలు అడ్డేమిటో చెప్పింది. స్క్రీన్ అవతల మనిషి చచ్చిపోతానంటే ఎవర్ని పంపాలి? ఆసుపత్రిలో పక్క గదిలో డాక్టరుంటాడు. ఇక్కడ ఆ మనిషి ఏ వీధిలో ఉన్నాడో కూడా తెలియదు. ముందే అడ్రసు, ఇంట్లోవాళ్ళ నంబరు తీసుకునే పద్ధతి ఉండాలి, పిలిస్తే పలికే డాక్టరు ఒకరు కుదరాలి అంది. అది అవిశ్వాసమన్నాను. మీరు మైకు ఆపేసి ఇంటికొచ్చేస్తారు, నాకలా కుదరదు అంది.

జూన్ 10, ఆదివారం

నోరు జారాను.

భయం మీద ప్రసంగం. మంచి ఊపు మీదున్నాను, ముందు వరుస కళ్ళు తుడుచుకుంటోంది. మా ఇంట్లోనూ ఆ భయం ఉంది, వచ్చే ఒకటో తారీఖున మా ఆవిడ సొంత ప్రాక్టీస్ మొదలుపెట్టి దాని మెడ విరుస్తున్నాం, మనసు నలిగినవాళ్ళు ఫోన్ చేయండి అని నా నంబరు చెప్పేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ కొట్టలేదు.

జూన్ 11

ఆ ఒకటో తారీఖు మీకెవరిచ్చారు అని అడిగి డ్యూటీకి వెళ్ళిపోయింది.

జూన్ 13, మధ్యాహ్నం

ఎవరో ఫోన్ చేశాడు. నడివయసు గొంతు. మేడమ్ గారున్నారా అన్నాడు. డ్యూటీకి వెళ్ళిందన్నాను. పర్లేదండీ, పెద్ద విషయమేం కాదు, ఇక చాలనిపిస్తోంది, అంతే అన్నాడు. నేను ఊరుకుంటేనా. గ్రంథంలోని వాక్యం అందుకున్నాను, గొంతు పెంచాను. ఊపిరి తీసుకునేసరికి అవతల ఎవరూ లేరు. తిరిగి చేస్తే స్విచాఫ్.

సాయంత్రం

ఎక్కడి నుంచి మాట్లాడాడు అని అడిగింది. తెలియదు. పేరు? తెలియదు. పక్కన ఎవరైనా ఉన్నారా? మాట్లాడిందంతా నేనేనన్నాను. తిట్టినా బాగుండేది. నంబరు తీసుకుని పోలీసులకు ఫోన్ చేసింది.

జూన్ 14

స్విచాఫ్. గ్రంథం ఏ పేజీ తెరిచినా ఒక్క అక్షరం బుర్రకెక్కడం లేదు. గిన్నె కింద పడ్డా ఉలిక్కిపడుతున్నాను.

జూన్ 15

ఉదయం మోగింది. అదే నంబరు. నోటిదాకా వచ్చిందంతా మింగేసి, ఒక్క నిమిషమండీ అని ఫోన్ ఆవిడకిచ్చాను. నిన్నటి నుంచి సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. ఇప్పుడెక్కడున్నారండీ అని నెమ్మదిగా అడుగుతూ వెనక గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

చాలాసేపటికి బయటికొచ్చింది. ఏమన్నాడని అడిగాను. ఆయన గురించి మీకేమీ చెప్పను, ఇవాళే కాదు, ఎప్పటికీ అంది. కూర్చుని రాజీనామా రాసింది. తేదీ వేసిన చోట అరచెయ్యి అడ్డం పెట్టుకుంది.

జూన్ 17, ఆదివారం

ప్రసంగం అయ్యాక అందరూ చుట్టూ మూగారు. అమ్మగారు మొదలుపెట్టేశారా, ఎవరైనా ఫోన్ చేశారా అని.

ఎండల గురించి మాట్లాడాను.