సాయిలు వర్ధంతి రద్దు గురించి

మాదాపూర్,
జూలై 22.

ప్రాంతీయ గ్రంథాలయ పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు, రాతికుంట కాలనీ శాఖలో ఒప్పంద గ్రంథపాలకుడు యజ్ఞనారాయణ వ్రాసుకొను విన్నపము.

అయ్యా,

విషయం: శ్రీ కావలి సాయిలు వర్ధంతిని రద్దు చేయు సవరణను నా చేతితో బోర్డు మీద రాయుట నుండి మినహాయింపు కోరుట గురించి.

సూచిక: నిన్న అందిన తమ మెమో.

1. మా శాఖ గుమ్మం పక్కన ఒక నల్లబోర్డు కలదు. తమ స్థాయీ ఉత్తర్వుల ప్రకారం ప్రతి పనిదినమూ ఉదయం తొమ్మిదిన్నర లోపల దాని మీద నాటి జయంతి గానీ వర్ధంతి గానీ, దాని కింద 'చదవదగినవి' అని రెండు పుస్తకాల పేర్లూ రాసి, ఫొటో తీసి, తమ వాట్సాప్ గ్రూపులో పెట్టవలెను. బోర్డు ఏ రోజునా ఖాళీగా ఉండరాదు. ఆరేళ్లుగా నేను ఒక్క పూట తప్పలేదు. జ్వరం వచ్చిన రోజు కూడా ఆటో కట్టించుకుని వచ్చి రాశాను.

2. ఎవరి పేరు రాయాలో తమ కార్యాలయమే ఏటా జాబితా పంపును. ఈ ఏటి జాబితాలో జూలై 17కు ఎదురుగా ఏమీ లేదు. అడిగితే గుమాస్తా గారు, "చూసుకుని ఏదో ఒకటి రాసేయండి సార్, ఎవరు చదువుతారు" అన్నారు. ఆయన మాటలో నిజం ఎంతుందో నాకు అప్పుడు తెలియలేదు.

3. మా శాఖలో ఊడ్చి తుడిచే ఆమె పేరు అంజమ్మ. ఊరు పాలమూరు దిక్కు. పొద్దున మా దగ్గర, మధ్యాహ్నం నుంచి ఎదురుగా ఉన్న అద్దాల టవరులో నాలుగో అంతస్తు. నిన్నటి బోర్డు తడిగుడ్డతో తుడవడం ఆమె పని. తుడిచే ముందు ఇదేం అక్షరం, అదేం అక్షరం అని అడిగేది. అలా అడిగి అడిగి మూడేళ్లలో చదవడం నేర్చుకుంది. ఇందులో నా గొప్పేమీ లేదు, నేను విసుక్కున్న రోజులే ఎక్కువ. రోజూ కనబడే మాటలు గనుక ఆమె మొదట చదివినవి జయంతి, వర్ధంతి. ఒకరోజు అడిగింది.

"సార్, ఈ వర్ధంతి పెద్దోళ్లకేనా, అందరికుంటదా?"

పోయినవాళ్లందరికీ ఉంటుందమ్మా అన్నాను. నోరు జారి అన్న మాట కాదు, తెలిసే అన్నాను. ఈ నెల పదిహేనున మళ్లీ వచ్చింది.

"మా ఆయనది ఎల్లుండి సార్. జర రాస్తరా?"

4. ఆమె భర్త సాయిలు పన్నెండేళ్ల కిందట ఇక్కడే ఒక భవనం సెల్లారు తవ్వుతుండగా మట్టిపెళ్ల విరిగి మీద పడి పోయాడు. "తొలేకాశి ఇంక రెండు దినాలున్నదనంగ" అని, తారీఖు పదిహేడని ఆమె గుర్తు. గుర్తును నమ్మి బోర్డెక్కించే మనిషిని కాను. మా వెనక గదిలో పాత పత్రికల కట్టలు విప్పి, ఆ ఏటి పంచాంగంలో తొలి ఏకాదశితో సరిచూసి, జూలై 18 నాటి జిల్లా పేజీలో మూడు పంక్తుల వార్త పట్టుకున్నాను. 'మాదాపూర్‌లో బుధవారం మట్టి కూలి కూలీ మృతి.' పేరు లేదు, ఊరు లేదు. తేదీ మాత్రం సరిపోయింది. నకలు జతపరిచాను.

5. జూలై 17న నేను రాసినది యథాతథంగా: 'నేడు శ్రీ కావలి సాయిలు వర్ధంతి. మాదాపూర్‌లో సెల్లారు తవ్వుతూ మట్టి కింద పడి మరణించారు. చదవదగినవి: కార్మిక చట్టాల చిన్న పుస్తకం, పునాదుల మీద పాలిటెక్నిక్ పాఠ్యపుస్తకం.' రెండూ మా అరలో ఉన్నవే. మూడు వాక్యాల్లో దాచినది ఏదీ లేదని మనవి.

6. తరువాత జరిగినది విచారింపవలెను. ఫొటో పెట్టిన నిమిషంలో గ్రూపులో పదకొండు నమస్కారాలు వచ్చినవి. అందులో ఒకటి తమది. తమ కార్యాలయం దానిని 'నేటి విశేషం'గా మిగతా ఇరవై రెండు శాఖలకు పంపినది. సాయిలు గారి ఫొటో మంచిది ఒకటి పంపండి, దండ తెప్పించాం అని నాకు మూడు ఫోన్లు వచ్చినవి. ఫొటో లేదంటే, ఒక శాఖ వారు ఉత్త ఫ్రేముకే దండ వేసినారు. ఇంకొక చోట ఒక వక్త ఆయన సాహిత్య సేవ గురించి పావుగంట మాట్లాడినారట. గచ్చిబౌలిలో ఒక కోచింగ్ సెంటరు ఆయనను నమూనా ప్రశ్నపత్రంలో పెట్టినది. మా దగ్గర పరీక్షలకు చదువుకునే హాస్టలు పిల్ల అఖిల ఆ పేపరు పట్టుకొచ్చి అడిగింది.

"సార్, సాయిలు సార్‌ది ఏ జిల్లా? ఆప్షన్లల్ల పాలమూరు లేదు."

పాలమూరని నీకెట్లా తెలుసమ్మా అన్నాను. "అంజమ్మ చెప్పింది సార్. ఆమెకు బాగ తెలుసట" అన్నది ఆ పిల్ల. అంజమ్మ పక్కనే నేల తుడుస్తోంది. నాకు నవ్వూ వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చినవి. రెండూ కప్పిపుచ్చుకోవడానికి కళ్లజోడు తుడుచుకున్నాను.

7. ఇంతమందిలో ఆ మూడు వాక్యాలు చదివినవారు ఒక్కరూ లేరు. గ్రంథాలయ శాఖలో ఇలా జరిగినదని నేను బయట ఎవరికీ చెప్పలేదు, పరువు మనందరిదీ గనుక. నాలుగు రోజుల తరువాత ఎవరో పూర్తిగా చదివి తమకు ఫోను చేసినారట. దొంగలు పడ్డ ఆరు నెలలకు అని సామెత ఉన్నది, మిగతా సగం తమకు తెలుసు గనుక రాయను. వెంటనే మెమో వచ్చినది. అందులో నన్ను తప్పుదోవ పట్టించినవాడినన్నారు, సంజాయిషీ అడిగారు. సంజాయిషీ ఇదే. కాంట్రాక్టు వచ్చే నెల పునరుద్ధరణకు వస్తుంది. నాకు భయం ఉంది. లేదని రాస్తే అబద్ధమవుతుంది.

8. కానీ మెమోలోని రెండో పేరా చూసి నాకు నిన్నటి నుంచి అన్నం సహించడం లేదు. రేపటి నుంచి మూడు రోజులు బోర్డు మీద నా దస్తూరీతోనే ఈ వాక్యం రాయాలన్నారు: 'జూలై 17న ప్రకటించిన వర్ధంతి రద్దు చేయడమైనది. సదరు తేదీన సదరు వ్యక్తి ఎవరూ మరణించలేదని పాఠకులు గమనించగలరు.'

అయ్యా, వర్ధంతిని జాబితాలోంచి తీసివేసే అధికారం తమకు ఉన్నది. చావును తీసివేసే అధికారం ఎవరిచ్చారు? పన్నెండేళ్లు ఆ మనిషి పేరు ఎక్కడా లేదు. ఆ భవనం ముందు శిలాఫలకం మీద కొబ్బరికాయ కొట్టినవారి పేర్లున్నాయి, కట్టిన కంపెనీ పేరుంది. మా బోర్డు మీద ఒక్క పూట ఉన్నాడు. ఆ పూట ఆమె బోర్డు ముందు నిలబడి పేరు చదువుకుని, టవరు పనికి గంట ఆలస్యంగా వెళ్లి తిట్లు తిన్నది. ఇప్పుడు ఎవరూ చావలేదని నేను రాస్తే మొట్టమొదట చదివేది ఆమె. చదవడం నేర్పింది నేను. ఆ వాక్యం చదివించడానికి కాదు.

9. కావున తమరు దయతో (అ) 'ఎవరూ మరణించలేదు' అను మాటలను తొలగించవలెను. (ఆ) అది కుదరనిచో, రాయడానికి వేరొక శాఖ నుండి మరొకరిని పంపవలెను. (ఇ) అదీ కుదరనిచో, శిక్ష ఏదైనా నా ఒక్కడి మీదనే వేయవలెను. అంజమ్మ అడిగింది, రాసింది నేను. ఆమె పని జోలికి ఎవరూ పోరాదు.

ఈసారికి నమస్కారం గుర్తు పెట్టే ముందు మొదటి నుంచి చివరి దాకా చదివి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
యజ్ఞనారాయణ

జత: పత్రిక నకలు ఒకటి.

తా.క. ఆమెకు మెమో సంగతి తెలియకుండా చూద్దామనుకున్నాను. సాధ్యపడలేదు. ఈ అర్జీ రాస్తూ మధ్యలో పాఠకుడొకడు పిలిస్తే లేచాను. తిరిగి వచ్చేసరికి అంజమ్మ బల్ల తుడుస్తూ ఆగి, మెమో మీద వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటోంది. 'మరణించలేదని' అన్న మాట దగ్గర రెండుసార్లు వెనక్కి వెళ్లి చదివింది. ఏడవలేదు. నన్నే అడిగింది.

"సావలేదని ఆఫీసోళ్లే రాసిన్రు గద సార్. మరి ఇన్నేండ్లు ఇంటికెందుకు రాలే?"

ఆమె గుడ్డ పిండి, రేపు పొద్దున తుడవాల్సిన బోర్డు ఇప్పుడే శుభ్రంగా తుడిచి, సుద్దముక్క నా చేతికిచ్చి టవరు పనికి వెళ్లిపోయింది.