మానేశానని రాయమ్మా

ప్రియమైన నాన్నకు,

పిచ్చుక రాస్తున్నది. నేను క్షేమం. నువ్వు క్షేమమని మాత్రం రాయకు, నేను నమ్మను.

ఈ సోమవారం నుంచి మా నర్సింగ్ బ్యాచ్‌ని మానసిక ఆసుపత్రిలో తాగుడు మాన్పించే వార్డులో వేశారు. ఆరు వారాల శిక్షణ. ఇక్కడ బ్లేడ్లు, అద్దాలే కాదు, చేతులు శుభ్రం చేసుకునే మందు సీసా కూడా తాళం వేసి పెడతారు. అందులో స్పిరిట్ ఉంటుందని ఒకాయన నీళ్లలో కలుపుకుని తాగేశాడట. మా మేడం చెబితే అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మొదటి వారం విద్యార్థులకి హాల్లోనే పని. మానేసి మూడు వారాలు దాటినవాళ్లు అక్కడ కూర్చుని మాట్లాడుకుంటారు. మేం విని, విన్నది విన్నట్టు నోటుబుక్కులో రాయాలి. నిన్న ఒక వడ్రంగి లేచి, "నా కూతురు నా మొహానే తలుపేసింది. ఆ రోజే మానేశాను" అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. ఇస్త్రీ చొక్కా, దువ్విన జుట్టు, ఎంత బాగున్నాడో నాన్నా! అమ్మ ఉన్నప్పుడు నువ్వూ అలాగే ఉండేవాడివి.

అమ్మ పోయి ఎనిమిదేళ్లు. ఈ ఎనిమిదేళ్లూ బతిమాలాను, అలిగాను, సీసాలు దాచాను. ఇక నాకు ఓపిక లేదు. నువ్వు పూర్తిగా మానేస్తేనే ఇంటికి వస్తాను. ఒక్క చుక్క ముట్టినా నాకు నాన్న లేడనుకుంటాను. కటువుగా రాశానని తెలుసు. రాస్తూ ఏడ్చాను కూడా. అయినా మాట మార్చను.

కోపంతోనూ ప్రేమతోనూ,
పిచ్చుక

*

నా పిచ్చుకకి,

నాన్న ఆశీస్సులు. శనివారం అందిన నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మూడుసార్లు తాగి, ఒకసారి తాగకుండా. తాగకుండా చదివినప్పుడే ఎక్కువ తగిలింది.

నీ బతిమాలడం నాకు అలవాటైపోయింది. కానీ "నాన్న లేడనుకుంటాను" అన్న మాట గొంతులో ముల్లులా దిగింది. సరేనమ్మా. ఇవాళ సోమవారం పొద్దున్నే ఇంట్లో ఉన్నదంతా సింకులో ఒంపేశాను. ఎదురింటి లెక్కల మాస్టారు వాసన పట్టి, "ఏమోయ్, ఇల్లు కడుగుతున్నావా?" అని వెటకారం చేశాడు. "లేదండీ, ఒళ్లు కడుక్కుంటున్నాను" అన్నాను.

మధ్యాహ్నం నుంచి చెయ్యి వణుకుతోంది. సూదిలో దారం ఎక్కట్లేదు. స్కూలు యూనిఫారాలు ఇంకా ఇరవై కుట్టాలి. కుడతాలే. ఉలి పట్టినవాడు చేసిన పని కత్తెర పట్టినవాడు చేయలేడా? ఒంట్లో ఎలా ఉన్నా చుక్క ముట్టను. ఈసారి మాట తప్పితే నేను నీ నాన్ననే కాను.

ఈ ఉత్తరం అందగానే నవ్వాలి నువ్వు.

నీ నాన్న

*

నాన్నా,

క్షేమసమాచారాలకి టైము లేదు. ఇది చదవగానే కొంచెం తాగు. అవును, నేనే చెబుతున్నాను. తాగు.

రెండో వారం కదా, నిన్న మమ్మల్ని లోపలి గదిలోకి పంపారు. కొత్తగా చేరినవాళ్లని ముందు అక్కడే ఉంచుతారు. ఏళ్ల తరబడి రోజూ తాగినవాళ్లు ఉన్నపళంగా ఆపేస్తే రెండో రోజో మూడో రోజో ఫిట్స్ వస్తాయి. మతి తప్పుతుంది. ప్రాణమే పోవచ్చు. మందులిచ్చి, పక్కనే ఉండి, మెల్లగా మాన్పించాలి. ఆ వడ్రంగి కూడా పది రోజులు అక్కడే మంచానికి కట్టేసి ఉన్నాడట. హాల్లో ఆ సంగతి చెప్పలేదు, ఆయనకి గుర్తే లేదు. నేను హాలు చూసి వార్డంతా చూసేశాననుకున్నాను. అన్నీ తెలిసినదానిలా నీకు ఉత్తరం రాశాను.

నీ ఉత్తరం ఇవాళ మంగళవారం సాయంత్రం అందింది. మన ఇంటి కింద కొట్టుకి ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తట్లేదు. ప్రిన్సిపాల్ సంతకం లేనిదే నన్ను గేటు దాటనివ్వరు, ఆమె రేపు పొద్దున గానీ రారు. అందుకే ఇది మన ఊరి బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. మాస్టారిని తోడు తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లు. డాక్టరు చూసేదాకా పూర్తిగా ఆపకు. రేపు మధ్యాహ్నానికి నేను వచ్చేస్తాను.

మాట తప్పు నాన్నా. నీకు దండం పెడతాను, ఈ ఒక్కసారి మాట తప్పు.

పిచ్చుక

*

పిచ్చుకమ్మా,

డ్రైవరు పొద్దున్నే ఉత్తరం ఇచ్చి వెళ్లాడు. చదివి నవ్వుకున్నాను. నాన్నకే పరీక్ష పెడతావా? తాగమంటే తాగేస్తానేమో చూద్దామనేగా! ఎనిమిదేళ్లు తాగొద్దని ఏడ్చిన పిల్ల తాగమని రాస్తే నమ్మేంత వెర్రివాణ్ణి కాను. ముట్టలేదు. ఇవాళ మూడో రోజు.

అక్షరాలు వంకర్లు పోతున్నాయి, ఏమనుకోకు. ఒళ్లంతా చెమట. కన్ను మూతపడట్లేదు. గోడ మీద చీమలు బారులు తీరాయి, ఎంత తుడిచినా పోవు.

మీ అమ్మ వచ్చింది. మిషను దగ్గర కూర్చుంది. ఆ ఇరవై యూనిఫారాలూ తనే కుడుతుందట. మానేశానని చెబితే ఎంత సంతోషపడిందనుకున్నావు! నీకు వెంటనే రాయమంది. నువ్వూ వచ్చెయ్యి, ముగ్గురం

*

ప్రియమైన పిచ్చుకకి,

నాన్న ఆశీస్సులు. నా చెయ్యి ఇంకా కుదురుగా లేదు, అందుకని ఇక్కడి నర్సమ్మాయి చేత రాయిస్తున్నాను. చక్కటి పిల్ల. దస్తూరి ముత్యాల్లా ఉంది. పెద్దయ్యాక నీదీ ఇలాగే ఉండాలి.

నేను తాగుడు మానేశాను. మానేశానని రాయమ్మా అంటే ఈ పిల్ల కలం పట్టుకుని అలా ఉండిపోయింది. రాసిందో లేదో చూసుకో.

ఏడో తరగతి పరీక్షలు బాగా రాయి. అమ్మని విసిగించకు. నాకు ఒక్కటే బెంగ. నువ్వెందుకు రావట్లేదు? నామీద కోపమా? తప్పకుండా వస్తుందండీ అంటుంది ఈ అమ్మాయి, అని కళ్లు తుడుచుకుంటుంది. వాళ్ల నాన్న కూడా తాగుతాడేమో, పాపం.

నీ నాన్న

*

ప్రియమైన నాన్నకు,

నీ ఉత్తరం అందింది. రాసిందీ నేనే, అందుకున్నదీ నేనే. నువ్వు రాయించినవాటిలో ఇది పదకొండోది.

ఆ బుధవారం నేను వచ్చేసరికి నువ్వు గుమ్మంలో పడి కొట్టుకుంటున్నావు. మాస్టారూ నేనూ ఆసుపత్రికి తెచ్చాం. ప్రాణం దక్కడమే గొప్ప అన్నారు డాక్టరుగారు. మెదడు దెబ్బతింది, ఈ ఎనిమిదేళ్ల జ్ఞాపకాలూ నీకు తిరిగి రాకపోవచ్చట, కొత్తవి నిలవవట.

సొంతవాళ్లకి విద్యార్థులు డ్యూటీ చేయకూడదు. అందుకని రోజూ సాయంత్రం విజిటర్ల పుస్తకంలో "కూతురు" అని రాసి వస్తున్నాను. నువ్వు "నమస్కారం సిస్టర్" అంటావు. యూనిఫారం మార్చుకుని వచ్చినా అంతే.

మొదటిరోజు నీ చేతులు పట్టుకుని క్షమించమన్నాను. "ఏం చేశావు తల్లీ?" అన్నావు. అంతా చెప్పాను. తల ఊపుతూ విన్నావు. "మంచికనే కదా రాశావు. ఏ తండ్రీ తప్పు పట్టడు. ఊరుకో" అని నా తల నిమిరావు. అయిదు నిమిషాలకి మర్చిపోయావు.

మర్నాడు మళ్లీ అడిగాను. మళ్లీ అదే అన్నావు. రోజూ అడుగుతున్నాను నాన్నా. రోజూ క్షమిస్తున్నావు, ఎవరో నర్సుని.

నీ,
పిచ్చుక